ఎర్ర గీత

తన్మయి ఏడవడం మానేసిందని నమ్మకం కుదిరాక, ఇంట్లో పండగ చేసుకున్నంత పని చేశారు. వకుళ అయితే పక్కింటివాళ్ళకి కూడా గిన్నెడు పాయసం పంపించింది. పంపదూ మరి! ఆ ఏడుపు మాన్పించిన యంత్రం ఆమె చేతుల మీదుగా తయారైందే.

అంతకుముందు ఆ పిల్ల ఏడుపు అలాంటిలాంటిది కాదు. లెక్క తెగకపోతే ఏడుపు. గుర్రం బొమ్మ వేస్తే కాళ్ళు కుక్క కాళ్ళలా వచ్చాయని ఏడుపు. ఆదివారం పొద్దున్నే గేటు ముందు నీళ్ళు చల్లి, చుక్కలు పెట్టి, మెలికల ముగ్గు మొదలుపెట్టేది. చుక్కలన్నీ చుట్టి బయల్దేరిన చోటికి రావలసిన గీత కాస్తా మధ్యలో ఎక్కడో ఇరుక్కుపోయేది. అంతే, ముగ్గు డబ్బా నేలకేసి కొట్టి, "నాకు రాదు! నేను మొద్దుని!" అని వీధి చివరిదాకా వినబడేలా రాగం ఎత్తుకునేది. వకుళ పరుగెత్తుకొచ్చి, "మొద్దువేంటమ్మా నా తల్లీ, నీ అంత తెలివైన పిల్ల ఈ వీధిలో ఉందా?" అని బుజ్జగించి, డబ్బా తను అందుకుని, చకచకా నాలుగు మెలికలు తిప్పి ముగ్గు పూర్తిచేసేసేది. పిల్ల ముక్కు తుడుచుకుంటూ లోపలికి పోయేది. మళ్ళీ ఆదివారం మళ్ళీ అదే భాగోతం.

"నీ కూతురి గొంతు బాగా పెరిగింది వకుళా. సంగీతంలో చేర్పిద్దామా?" అనేవాడు శ్రీకర్. వకుళకి మేనత్త కొడుకు, మొగుడూ అతనే. ఇంట్లోనే బల్ల వేసుకుని ఇళ్ళ ప్లాన్లు గీస్తుంటాడు.

"నీ కూతురు కాదేంటి బావా?"

"నవ్వినప్పుడు నా కూతురే," అనేవాడు పెన్సిలు చెవి మీద పెట్టుకుని.

విశాఖ పొలిమేరలో కొండవాలు మీదున్న చిన్న పరిశోధనశాలలో వకుళ ఉద్యోగం. మెదడులో పుట్టే సన్నపాటి కరెంటు అలల్ని పట్టుకుని చదవడం ఆమె పని. ఆ ల్యాబుకి పెద్ద దక్షిణామూర్తి గారు, తల పండిన మనిషి, మంచివాడు. పిల్లలు చదువులో వెనకబడేది తెలివి లేక కాదు, రాదేమోనన్న భయం వల్లేనని ఆయన నమ్మకం. "ఆ భయం ఒక్కటీ తీసెయ్యమ్మా వకుళా, ప్రతి పిల్లా ఆణిముత్యమే," అనేవారు. ఆ మాటలోంచి పుట్టిందే 'ఊతం'.

చూడటానికి అది మామూలు హెయిర్‌బ్యాండు. పిల్ల బుర్రకి చదువెక్కుతున్నప్పుడు లేచే అలని అది గుర్తుపడుతుంది. ఆ అల లేస్తే ల్యాబులో తెర మీద పచ్చ గీత పైకి పాకుతుంది, పిల్లకి ఎవరో తల నిమిరినంత హాయిగా ఉంటుంది. అర్థంకాక బుర్ర గింజుకుందో, ఎర్ర గీత లేస్తుంది. వెంటనే పట్టీ ఆ గింజులాటని జోకొట్టి పడుకోబెడుతుంది. మందూ మాకూ లేదు, నొప్పి లేదు.

మొదటి పట్టీ తయారయ్యాక ఎవరి తలకి పెట్టాలా అని అందరూ తలలు గోక్కున్నారు. "ఇంకొకరి పిల్ల ఎందుకు సార్, నా పిల్ల లేదూ?" అంది వకుళ. తను చేసిన వంట ముందు తన పిల్లకే పెట్టుకోవాలని ఆమె పట్టు. అలా తన్మయి తలకెక్కింది ఊతం. కొన్నాళ్ళకి ఆ పిల్ల చదివే మున్సిపల్ స్కూల్లో ఐదో తరగతి మొత్తానికీ పట్టీలు వచ్చాయి.

ఇంకేముంది! క్లాసు క్లాసంతా చల్లబడిపోయింది. బెదురు చూపుల్లేవు, పరీక్షంటే కడుపునొప్పుల్లేవు. తరగతి టీచరు కస్తూరి ఫోన్ చేసి, "వకుళ గారూ, ఏం మంత్రం వేశారండీ! ఒక్కడూ తప్పు చెప్పట్లేదు. అడగడం ఆలస్యం, అందరూ ఒకే గొంతుతో జవాబు!" అని మురిసిపోయింది. పెద్ద అధికారులు వచ్చి చూశారు, పిల్లల చేత పాఠాలు చెప్పించుకుని చప్పట్లు కొట్టారు. వచ్చే జూన్ నుంచి జిల్లాలోని బడులన్నిటికీ ఊతం అన్నారు. దక్షిణామూర్తి గారు ల్యాబులో అందరికీ లడ్డూలు పంచారు.

ఆ సంబరాల్లోనే ఒక ఆదివారం తన్మయి గేటు ముందు ముగ్గు వేస్తోంది. వకుళ కాఫీ గ్లాసుతో మెట్ల మీద కూర్చుంది. గీత మూడు వరసలు తిరిగి, ఎప్పట్లాగే మధ్యలో ఇరుక్కుంది. వకుళ అలవాటు కొద్దీ లేవబోయింది. డబ్బా ఇప్పుడు నేలకి తగులుతుందని ఒళ్ళు బిగబట్టుకుంది.

డబ్బా నేలకి తగల్లేదు. తన్మయి ఇరుక్కున్న గీత వంక చూసి చిన్నగా నవ్వింది. డబ్బా మూత పెట్టి, గోడవారన ఉంచి, లోపలికెళ్ళి నీళ్ళు తాగింది.

"ఏమ్మా, పూర్తిచెయ్యవా?"

"అక్కర్లేదమ్మా."

"సగంలో వదిలేస్తే ఎలాగే?"

"బానే ఉందిగా," అంది పిల్ల, అదే నవ్వుతో.

ఆ తరవాతి ఆదివారం చుక్కలు పెట్టింది గానీ గీత మొదలుపెట్టలేదు. ఆ పై ఆదివారం డబ్బా జోలికే పోలేదు. పిలిస్తే పలుకుతుంది, పెట్టింది తింటుంది, చెప్పింది అప్పజెబుతుంది. ఇంట్లో ఒక బుద్ధిమంతురాలైన చుట్టం పిల్ల దిగినట్టుంది.

"వకుళా, ఇది నా బల్ల దగ్గరికి రావట్లేదు, గమనించావా?" అన్నాడు శ్రీకర్ ఒక పూట. "ఇదివరకు ప్లాను గీస్తుంటే నా ప్రాణం తోడేసేది. మెట్లు గుండ్రంగా ఎందుకు కట్టకూడదు, తలుపు పైకి తెరుచుకుంటే ఏం పోతుంది అంటూ. ఇప్పుడు నేనే పిలిచి చూపించినా, బావుంది నాన్నా అని వెళ్ళిపోతోంది."

"ఏడిస్తే ఏడ్చిందంటావు, ఏడవకపోతే ఏడవలేదంటావు! నీతో వేగలేక ఛస్తున్నాను బావా!" అని కసిరింది వకుళ. కసిరిందే గానీ, ఆ మాట ఆమెని వదల్లేదు. మర్నాడు సెలవు పెట్టి స్కూలుకి వెళ్ళింది.

క్లాసులో కస్తూరి టీచరు సైన్సు చెబుతోంది. "మొక్కలు ఎండ సాయంతో ఆహారం తయారుచేసుకోవడాన్ని ఏమంటాం? కిరణజన్య సంయోగ...?"

"క్రియ!" అని గది అదిరింది.

"ఆకుల్లో ఉండే పచ్చటి పదార్థం పత్రహ...?"

"రితం!"

వకుళకి తన బడి రోజులు గుర్తొచ్చాయి. ఆమె కూడా ఇలాగే బల్ల మీద చెయ్యేసి కొట్టి మరీ అరిచేది. పాఠం అయ్యాక కస్తూరి వరండాలోకి వచ్చి, "అంతా బావుంది కానీ వకుళ గారూ," అని ఆగింది. "గంట కొట్టగానే నా చుట్టూ ఈగల్లా ముసిరేవాళ్ళు. అదెందుకు టీచర్, ఇదెందుకు టీచర్ అని. విసుక్కునేదాన్ని కూడా. ఇప్పుడు గంట కొడితే తిన్నగా లైన్లో పోతున్నారు. మొదట్లో హాయి అనిపించింది. ఇప్పుడు ఎందుకో దిగులుగా ఉందండీ."

వకుళ తిన్నగా ల్యాబుకి వెళ్ళింది. ఊతానికి చదువంటే ఏమిటో నేర్పడానికి మొట్టమొదట బళ్ళల్లో పిల్లల అలలు కొలుస్తూ తీసిన వీడియోలు బయటికి తీయించింది. దక్షిణామూర్తి గారు, "ఇప్పుడవెందుకమ్మా?" అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆమె ఒక పట్టీ తీసి తన తలకే పెట్టుకుంది. తెర మీద గీత ఇక ఆమెదే.

వీడియోలో ఎవరో మాస్టారు, "భూమి తన చుట్టూ తాను తిరగడాన్ని భూభ్ర...?" అన్నారు.

"మణం!" అన్నారు వీడియోలోని పిల్లలు. "మణం!" అన్నారు దక్షిణామూర్తి గారు. "మణం!" అంది వకుళ కూడా, తనకి తెలియకుండానే. తెర మీద పచ్చ గీత నిటారుగా లేచింది. తల మీద హాయి, వెచ్చగా, అమ్మ చెయ్యి వేసినట్టు.

వకుళ నోరు తెరుచుకుని ఆ గీత వంక చూస్తూ ఉండిపోయింది. ఎందుకంటే ఆ క్షణాన ఆమె భూమి గురించి ఆలోచించలేదు. గేటు ముందు సగంలో ఆగిన ముగ్గు గురించి ఆలోచిస్తోంది.

"సార్," అంది, "నేనిప్పుడు కొత్తగా ఏమీ నేర్చుకోలేదు. కనీసం వినను కూడా వినలేదు. మరి పచ్చ ఎందుకొచ్చింది?"

"మన యంత్రం అలా చేసే రకం కాదే," అని ఆయన పట్టీ అడిగి తీసుకుని తన నెరిసిన జుట్టు మీద పెట్టుకున్నారు.

"సమాంతర రేఖలు ఎప్పటికీ కలుసు...?" అంది వకుళ.

"కోవు!" పచ్చ గీత. ఆయన పకపకా నవ్వారు. నవ్వి, టక్కున ఆగిపోయారు.

తెర పక్కనే బల్ల మీద వకుళ తెచ్చుకున్న భోజనం డబ్బా ఉంది. ఎర్ర తోటకూర వేపుడు. దాన్ని చూస్తుంటే ఆమెకి ఒకటి తట్టింది. "సార్, ఆకు పచ్చగా ఉంటేనే కదా ఎండతో వంట చేసుకునేది? మరి ఈ ఎర్ర తోటకూర ఏం తిని బతుకుతోంది?"

దక్షిణామూర్తి గారు జవాబు చెప్పబోయి నోరు తెరిచారు. మూశారు. మళ్ళీ తెరిచారు. కనుబొమలు ముడిపడ్డాయి. తెర మీద ఎర్ర గీత భగ్గున లేచింది. లేచిన మరుక్షణం పట్టీ తన పని తను చేసుకుపోయింది. ఆయన ముఖంలో ముడి విడిపోయింది. "పోనీలేమ్మా," అన్నారు ప్రశాంతంగా. "మంచి కూర. భోంచేద్దాం పద."

ఆ గొంతు వకుళకి బాగా తెలిసినదే. తన్మయి "బానే ఉందిగా" అన్న గొంతు అచ్చం అదే. ఆమె లేచి ఆయన తల మీది పట్టీ ఊడబెరికింది. పెద్దాయన అన్న మొహమాటం కూడా లేదు.

ఆయన కాసేపు కళ్ళు చికిలించి చూశారు. తరవాత, "ఉండు ఉండు ఉండు," అన్నారు. "ఎరుపు కింద పచ్చ దాక్కుని ఉంటుందా? ఉడకబెడితే తెలుస్తుందేమో! లేకపోతే మొక్కని చీకట్లో..." అంటూ లేచి నిలబడి, తనలో జరిగింది తనకే అర్థమై, మళ్ళీ కూలబడ్డారు.

"చూశారా సార్? ఎర్ర గీత లేచినప్పుడే మీరు ఆలోచన మొదలుపెట్టారు. మన పట్టీ దాని పీక నొక్కేసింది."

"పిల్లలు నేర్చుకుంటున్నప్పటి అల అని మనం కొలిచింది..."

"నేర్చుకుంటున్నప్పుడు కొలవలేదు సార్. వంత పాడుతున్నప్పుడు కొలిచాం. మాస్టారు సగం మాట చెప్పి వదిలేస్తే మిగతా సగం అరవడమే చదువనుకున్నాం. మీరూ అలాగే అరిచారు, నేనూ అలాగే అరిచాను, ఈ ల్యాబులో అందరం అలా అరిచి పైకొచ్చినవాళ్ళమే. ఒక్కరికైనా అనుమానం రాలేదు."

దక్షిణామూర్తి గారు ఫోన్ తీసి, వకుళ ఎదురుగానే, జూన్ నుంచి పట్టీలు ఇవ్వబోమని, ఉన్నవి కూడా వెనక్కి తీసుకుంటున్నామని, తప్పు తమదేనని అధికారులకి చెప్పారు. అవతల గొంతు పెరిగింది. ఈయన గొంతు మాత్రం తగ్గలేదు. ఫోన్ పెట్టేసి, "అమ్మయ్య," అన్నారు. "జిల్లా పిల్లలందరి నెత్తినా పెట్టేవాళ్ళం. గండం గడిచిందమ్మా."

"పెట్టినవాళ్ళ సంగతి సార్? మా తన్మయి అందరికంటే ముందునుంచీ పెట్టుకుంది. ఆ గింజులాట మళ్ళీ వస్తుందా?"

ఆయన చాలా పుస్తకాలు చదివిన మనిషి. అయినా, "తెలీదు తల్లీ," అన్నారు.

పట్టీలు తీసేశారు. పిల్లలెవరూ పేచీ పెట్టలేదు, అది చూసే వకుళకి మరీ భయం వేసింది. కస్తూరి టీచరుకి జరిగిందంతా చెబితే ఆవిడ ముందు కాసేపు కుమిలిపోయింది, "నేనే ఆ సగం మాటలు నేర్పానండీ," అని. తరవాత కొంగు దోపుకుంది. మర్నాడు బజారు నుంచి ఎర్ర తోటకూర కట్ట పట్టుకుని క్లాసుకెళ్ళి, బల్ల మీద పెట్టి, వకుళ ల్యాబులో అడిగిన ప్రశ్నే అడిగింది. అడిగి ఊరుకుంది.

గది నిశ్శబ్దం. టీచరు ఇప్పుడో ఇంకాసేపటికో మొదటి సగం అందిస్తుందని పిల్లలు నోళ్ళు సిద్ధం చేసుకుని కూర్చున్నారు. "నాలుక చివరిదాకా వచ్చిందండీ వకుళ గారూ," అని తరవాత చెప్పుకుంది కస్తూరి. "చెప్పకుండా ఆపుకోవడం ఇంత కష్టమని నాకిన్నేళ్ళూ తెలీదు. మంచినీళ్ళు తాగి తాగి కడుపు నిండిపోయింది."

ఆ రోజు ఎవరూ నోరు విప్పలేదు, ఆ మర్నాడూ అంతే. కట్ట వాడిపోతే ఆవిడ కొత్త కట్ట తెచ్చింది. ఆఖరికి ఝాన్సీ అనే పిల్ల లేచి, "టీచర్, అది రాత్రిళ్ళు పక్క మొక్క దగ్గర దొంగతనంగా తింటుందేమో," అంది. క్లాసంతా గొల్లుమంది. ఝాన్సీ ముఖం కందగడ్డ అయింది. కస్తూరి మాత్రం నవ్వలేదు. "అయ్యుండొచ్చు. మరి దొంగని ఎలా పట్టుకుందాం?" అంది.

అక్కడ రాజుకుంది. పక్కన మొక్కే లేని కుండీలో తోటకూర వేద్దామన్నారు. గంప బోర్లించి చీకట్లో పెడదామన్నారు. ఒకరు ఆకు నమిలి చూశారు. మధ్యాహ్న భోజనం వండే పొయ్యి మీద ఆకులు ఉడకబెట్టారు. నీళ్ళు ఎర్రగా దిగాయి, ఆకులు పచ్చబడ్డాయి. "కింద పచ్చ ఉంది టీచర్! లోపల దాచుకుంది!" అని వాళ్ళు వేసిన కేకలకి పక్క క్లాసువాళ్ళు వచ్చి కిటికీలకి వేలాడారు.

ఆ కేకల మధ్య తన్మయి తన చోట కూర్చుని, అందరినీ చూసి చిన్నగా నవ్వుతూ ఉంది.

ఆ సంగతి విని వకుళ వంటింట్లో కూర్చుని భోరుమంది. "అందరి పిల్లలూ మేలుకున్నారు బావా. నా పిల్లే మేలుకోలేదు. నా చేతుల్తో నేనే పెట్టాను దాని నెత్తిన."

శ్రీకర్ ఓదార్పు మాటలేం చెప్పలేదు. పక్కన కూర్చుని, "నీకు వచ్చిన ముగ్గులే వేస్తావు నువ్వు. రానిది ఎప్పుడైనా వేశావా?" అని అడిగాడు.

"ఇప్పుడు ముగ్గుల గోలేంటి?"

"దాని ముందర నువ్వు తడబడటం అది ఎప్పుడైనా చూసిందా అంటున్నాను."

ఆదివారం పొద్దున వకుళ నీళ్ళు చల్లి, తన జన్మలో ఎప్పుడూ వెయ్యని పెద్ద మెలికల ముగ్గుకి చుక్కలు పెట్టింది. తన్మయి మెట్ల మీద కూర్చుని చూస్తోంది. వకుళ నిజంగానే ఇరుక్కుపోయింది. "అరె, రావట్లేదే," అని పైకే అనుకుని, కాలితో చెరిపి మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ ఇరుక్కుంది. ఎదురింటావిడ పాలప్యాకెట్లు పట్టుకుని పోతూ, "ఏంటి వకుళ గారూ, ఇవాళ ముగ్గు మీతో ఆడుకుంటోందే!" అని వేళాకోళం చేసింది. "ఆడుకోనీండి, ఎంతసేపు ఆడుకుంటుందో చూస్తా," అంది వకుళ. ఆ పూటకి ఓడిపోయింది. మళ్ళీ ఆదివారం మళ్ళీ కూర్చుంది. సిగ్గూ లజ్జా వదిలేసి ఆదివారం ఆదివారం ఓడిపోతూనే ఉంది. నడుం పట్టేసింది. తన్మయి చూస్తూనే ఉంది, నవ్వుతూనే ఉంది.

చలి మొదలయ్యాక ఒక ఆదివారం, వకుళ ఎప్పట్లాగే అదే వంపు దగ్గర చెరుపుతుంటే, వెనక నుంచి వినబడింది.

"అమ్మా, అక్కడ కాదు తప్పు."

వకుళ వెనక్కి తిరగలేదు. తిరిగితే ఎక్కడ ఆగిపోతుందోనని భయం. "మరెక్కడ?" అంది నేల వంకే చూస్తూ.

"ఆ మూల. కాదు, దాని పక్కది. అబ్బా, అది కాదమ్మా! ఇలా ఇవ్వు."

పిల్ల మెట్లు దిగింది. డబ్బా లాక్కుంది. గీత సర్రున రెండు వరసలు తిరిగింది, మూడోది తిరిగింది, ఇరుక్కుంది. ఇప్పుడు నవ్వుతుంది. మూత పెడుతుంది. నీళ్ళకి వెళ్ళిపోతుంది.

తన్మయి నవ్వలేదు. కనుబొమలు ముడిపడ్డాయి. పంటి కింద పెదవి నొక్కిపెట్టి, ఆ చుక్కల వంక గుర్రుగా చూసింది. చెరిపింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ ఇరుక్కుంది. ముక్కుపుటాలు అదిరాయి, కింది పెదవి వణికింది. డబ్బా ఎత్తి నేలకేసి ఒక్కటి కొట్టింది.

"ఛీ! రావట్లేదు!" అని బావురుమంది.

ఏడుపంటే మామూలు ఏడుపా! కాకులు లేచిపోయాయి. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. శ్రీకర్ చెవి మీద పెన్సిలుతో పరుగెత్తుకొచ్చి గేటు దగ్గర ఆగిపోయాడు. వకుళ నేల మీద చతికిలబడి, ముగ్గుపిండి చేతుల్తోనే ముఖం కప్పుకుని, తనూ ఏడుస్తోంది. వచ్చేసింది, నా తల్లి వచ్చేసింది అని లోపల ఒకటే మాట.

ఆ సంతోషంలో పాత అలవాటు తన్నుకొచ్చింది. చెయ్యి డబ్బా వైపు పోయింది. "పోన్లే నాన్నా, ఇలా తే, నేను..."

"ముట్టుకోకు!" అని అరిచింది తన్మయి, ఏడుస్తూనే. "నువ్వు చెప్పొద్దు! నేనే వేస్తా!"

వకుళ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది.

పిల్ల మోచేత్తో ముక్కు తుడుచుకుని, ఒలికిన పిండి డబ్బాలోకి ఎత్తుకుని, ఎక్కిళ్ళు పెడుతూనే మొదటి చుక్క దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చుంది. కాసేపటికి ఎక్కిళ్ళ మధ్యనే, "నాన్నా, చుక్కలు సరిసంఖ్యలో ఉంటే గీత వెనక్కి రాదా ఏంటి?" అని అడిగింది.

"ఏమోనమ్మా, నాకూ తెలీదు. వేసి చూద్దాం," అన్నాడు శ్రీకర్. వకుళ పక్కన చతికిలబడి, ముఖమంతా కన్నీళ్ళూ పిండీ పూసుకుని ఉన్న ఆ పిల్లని వేలెత్తి చూపించి, "అదిగో, అది నా కూతురు," అన్నాడు.

మధ్యాహ్నం భోజనాల వేళకి కూడా ఆ ముగ్గు పూర్తి కాలేదు. తొక్కితే ఊరుకోనని తన్మయి కాపలా కాస్తుంటే, ఇంటికొచ్చిన దక్షిణామూర్తి గారంతటి పెద్దమనిషి కూడా చెప్పులు చేత్తో పట్టుకుని, గోడవారగా పెరటి దారిన లోపలికి రావలసి వచ్చింది.